టొరినో ఫుట్‌బాల్ క్లబ్: ట్యూరిన్ వెళ్ళే అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యూరిన్ నగరంలో రెండు పెద్ద క్లబ్బులు ఉన్నాయి కదా, ఈ పేజీ దేని గురించి?

ముదురు ఎరుపు జెర్సీ ధరించే టొరినో ఫుట్‌బాల్ క్లబ్ గురించి. అభిమానులు దాన్ని టోరో అంటారు, దాని రంగును గ్రనాటా అంటారు, తమనూ గ్రనాటా అనే చెప్పుకుంటారు. నలుపు తెలుపు చారల జువెంటస్ గురించి మన దగ్గర ఫుట్‌బాల్ చూసే ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత తెలుసు. అదే ఊళ్ళో పుట్టి, ఒక దశాబ్దంలో ఇటలీలో తిరుగులేని జట్టుగా నిలిచి, ఒక్క సాయంత్రంలో ఆ జట్టంతటినీ పోగొట్టుకుని కూడా నిలబడిన క్లబ్ గురించి తెలుగులో దొరికే సమాచారం చాలా తక్కువ. అక్కడికి వెళ్ళాలనుకునేవారికి చరిత్ర, దారి, టికెట్టు, మర్యాదలు అన్నీ ఒకేచోట దొరకాలన్న ఉద్దేశంతో ఈ జవాబులు రాశాము.

క్లబ్ ఎలా మొదలైంది?

1906 డిసెంబరు 3న, ట్యూరిన్‌లో వయా పియెత్రో మిక్కా వీధిలో ఉన్న ఫోయ్ట్ అనే బీరు హాలులో కొందరు సమావేశమై టొరినోను స్థాపించారు. వారిలో ఒక వర్గం అప్పటికే ఉన్న ఎఫ్.సి. టొరినేజె సభ్యులు, మరో వర్గం జువెంటస్‌తో విభేదించి బయటికి వచ్చినవారు. ఈ రెండో వర్గానికి పెద్దదిక్కు స్విట్జర్లాండ్‌కు చెందిన వ్యాపారి ఆల్ఫ్రెడ్ డిక్. అంతకుముందు జువెంటస్ అధ్యక్షుడు ఆయనే. అందువల్ల ఈ రెండు క్లబ్బుల వైరం పొరుగువారి వైరం కాదు, దాయాదుల వైరం. నెలన్నర తిరగకముందే, 1907 జనవరి 13న జరిగిన మొట్టమొదటి డెర్బీలో, అంటే ఒకే ఊరి రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్‌లో, టొరినో 2-1 తేడాతో గెలిచింది.

తొలినాళ్ళలో ఈ క్లబ్‌తో ముడిపడిన మరో పేరు వితోరియో పోజో. 1934, 1938 ప్రపంచ కప్పులు రెండింటినీ ఇటలీకి గెలిపించిన శిక్షకుడు ఆయనే. ఆయన పేరు ఈ కథలో మరోసారి, మరింత బరువుగా వస్తుంది.

టొరినో ఎన్ని టైటిళ్ళు గెలిచింది?

ఇటలీ లీగ్ టైటిల్, అంటే స్కుడెట్టో, 7 సార్లు: 1927-28, 1942-43, 1945-46, 1946-47, 1947-48, 1948-49, 1975-76. ఇటలీ కప్పు 5 సార్లు: 1936, 1943, 1968, 1971, 1993. 1942-43లో లీగ్, కప్పు రెండూ గెలిచింది. ఒకే సీజన్‌లో ఆ రెండూ గెలిచిన మొదటి ఇటలీ క్లబ్ ఇదే. 1926-27లో కూడా పట్టికలో అగ్రస్థానం టొరినోదే అయినా, ప్రత్యర్థి జట్టు డిఫెండర్‌కు లంచం ఇచ్చారన్న ఆరోపణతో సమాఖ్య ఆ టైటిల్‌ను రద్దు చేసింది, మరే జట్టుకూ ఇవ్వలేదు. పాత అభిమానులతో మాట్లాడితే ఈ విషయం ఎప్పుడో ఒకప్పుడు ప్రస్తావనకు వస్తుంది. ఆ సంభాషణకు కొంచెం సమయం పెట్టుకోండి.

ఒక రోజే ఉంటే ముందుగా ఎక్కడికి వెళ్ళాలి?

ఎక్కువమంది నేరుగా సూపెర్గా కొండకు వెళతారు, 1949లో టొరినో జట్టు ప్రయాణిస్తున్న విమానం కూలిన చోట నిలబడి తిరిగి వస్తారు. మా అభిప్రాయంలో ఆ వరుస సరికాదు. ముందు ఫిలడెల్ఫియా మైదానానికి వెళ్ళండి, సూపెర్గాను ఆ తరువాతకు ఉంచండి. ఆ ఆటగాళ్ళు ఎలా బతికారో, ఎలా ఆడారో తెలియకుండా వారు ఎలా చనిపోయారో మాత్రమే తెలుసుకుంటే, వారు జాలి పడాల్సిన మనుషులుగానే మిగిలిపోతారు. కానీ వారు తమ కాలంలో ప్రత్యర్థులకు దడ పుట్టించిన జట్టు.

ఫిలడెల్ఫియా మైదానం 1926 అక్టోబరు 17న ప్రారంభమైంది. దాన్ని కట్టించింది అప్పటి అధ్యక్షుడు, కౌంట్ ఎన్రికో మరోనె చిన్జానో. లిబొనాట్టి, బాలొంచియెరి, రొస్సెట్టి అనే ముగ్గురు ఫార్వర్డులు తొలి స్కుడెట్టో తెచ్చిపెట్టింది అక్కడే. ఆ తరువాతి తరం, చరిత్రలో గ్రాండే టొరినోగా, అంటే గొప్ప టొరినోగా, నిలిచిన జట్టు, ఆ మైదానంలో ఆరేళ్ళకు పైగా ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు.

క్లబ్ అసలు మ్యాచ్‌లను వేరే స్టేడియానికి మార్చాక ఫిలడెల్ఫియా శిథిలమైంది. 1997లో కూల్చేశారు. ఇరవై ఏళ్ళ పాటు అక్కడ గడ్డి, ముళ్ళ పొదలు, పాత స్టాండ్ల మొండి ముక్కలే ఉండేవి. అభిమానులు విరాళాలు పోగుచేసి, ఊరేగింపులు తీసి, నగరపాలక సంస్థ వెంటపడి చివరకు సాధించారు. 2017 మే 25న కొత్త ఫిలడెల్ఫియా తెరుచుకుంది. ఇప్పుడు మొదటి జట్టు సాధన చేసేది అక్కడే. పాత స్టాండులో మిగిలిన కాంక్రీటు మొండాలను తొలగించకుండా కొత్త కట్టడం పక్కనే నిలిపి ఉంచారు. అంచులు విరిగి, ఏటవాలుగా లేచి ఉన్న ఆ మెట్ల వరుస మీదే ఒకప్పుడు ఫియట్ కార్మికులు, గుమాస్తాలు, బడి పిల్లలు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. సాధన సమయంలో లోపలికి అనుమతి చాలా సార్లు ఉండదు కాబట్టి, వెళ్ళేముందు క్లబ్ ప్రకటనలు చూసుకోవాలి. గేటు బయటి నుంచైనా ఆ మొండాలు చూసి రావడం వృథా కాదు.

గ్రాండే టొరినో అంతగా ఏం చేసింది?

అధ్యక్షుడు ఫెరూచియో నోవో 1939లో క్లబ్ పగ్గాలు చేపట్టాక, ఇంగ్లండులో వాడుకలో ఉన్న డబ్ల్యు-ఎం పద్ధతిని (ఆటగాళ్ళను ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో మోహరించే తీరును) ఇటలీకి తెచ్చిన కొద్దిమందిలో ఒకరయ్యారు. 1942లో వెనెజియా క్లబ్ నుంచి వలెంటీనో మజోలా, ఎజియో లోయిక్ ఇద్దరినీ ఒకేసారి కొన్నారు. అక్కడితో జట్టు కుదిరింది. గోల్‌లో బచిగలూపో, వెనుక బల్లరిన్, మరోజో, మధ్యలో గ్రెజర్, రిగమొంటి, కస్తిల్యానో, ముందు మెంటి, లోయిక్, గబెట్టో, మజోలా, ఒస్సోలా. ట్యూరిన్‌లో ముసలివారు ఈ పదకొండు పేర్లనూ ఊపిరి తీసుకోకుండా ఒకే వరుసలో చెబుతారు. వారి నోటి వెంట వినే అవకాశం వస్తే వదులుకోకండి.

1947-48 సీజన్‌లో ఆ జట్టు 40 మ్యాచ్‌లలో 125 గోల్స్ చేసింది. అందులో అలెస్సాండ్రియా మీద 10-0 విజయం ఒకటి. అంతకుముందు ఏడాది మజోలా ఒక్కడే 29 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. 1947 మే 11న ట్యూరిన్‌లో హంగరీని 3-2తో ఓడించిన ఇటలీ జాతీయ జట్టులో పదిమంది టొరినో ఆటగాళ్ళే. పదకొండో వ్యక్తి అయిన గోల్‌కీపర్ మాత్రం జువెంటస్‌వాడు.

ఈ జట్టు వెనుక ఉన్న ఒక వ్యక్తిని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్నో ఎగ్రి ఎర్బ్‌స్టైన్ హంగరీకి చెందిన యూదు శిక్షకుడు. 1938లో ఇటలీలో జాతి వివక్ష చట్టాలు వచ్చాక ఆయన దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. యుద్ధకాలంలో నిర్బంధ శ్రమ శిబిరం నుంచి బతికి బయటపడ్డారు. యుద్ధం ముగిశాక నోవో ఆయనను మళ్ళీ పిలిపించారు. సన్నాహక వ్యాయామం, ఆహారం, ఆటగాళ్ళ మానసిక స్థితి వంటివి మిగతా క్లబ్బులు పట్టించుకోని రోజుల్లో ఆయన వాటిని క్రమశిక్షణతో అమలు చేశారు.

'గ్రనాటా పావుగంట' అంటే ఏమిటి?

ఫిలడెల్ఫియాలో జట్టు మందకొడిగా ఆడుతున్నప్పుడు, ఒరెస్తె బోల్మీదా అనే రైల్వే ఉద్యోగి స్టాండులో లేచి నిలబడి తన బాకా ఊదేవాడు. ఆ శబ్దం వినగానే కెప్టెన్ మజోలా జెర్సీ చేతులు మోచేతుల పైకి మడిచేవాడు. అది తోటి ఆటగాళ్ళకు సంకేతం. తరువాతి పదిహేను నిమిషాలు ప్రత్యర్థికి ఊపిరి సలపనివ్వకుండా దాడి చేసేవారు, చాలా సార్లు మ్యాచ్ అక్కడితో తేలిపోయేది. ఇప్పటికీ జట్టు ఒక్కసారిగా విజృంభించినప్పుడు అభిమానులు ఆ పేరే వాడతారు. స్టేడియంలో బాకా శబ్దం వినిపిస్తే దాని అర్థం ఇదని గుర్తించండి.

1949 మే 4న ఏం జరిగింది?

పోర్చుగల్ కెప్టెన్ ఫ్రాన్సిస్కో ఫెరైరా గౌరవార్థం బెన్‌ఫికా క్లబ్‌తో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడటానికి టొరినో జట్టు లిస్బన్ వెళ్ళింది. మే 3న జరిగిన ఆ మ్యాచ్‌లో 4-3తో ఓడింది. మరునాడు ఫియట్ జి-212 విమానంలో తిరుగు ప్రయాణమై, బార్సిలోనాలో ఆగి, ట్యూరిన్ చేరువకు వచ్చింది. నగరం మీద వాన, దట్టమైన మబ్బు, పొగమంచు కమ్ముకుని ఉన్నాయి. సాయంత్రం ఐదు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు విమానం సూపెర్గా కొండ మీది చర్చి వెనుక గోడను ఢీకొంది. ఎత్తు చూపే పరికరం తప్పు చూపి ఉంటుందన్న అనుమానం తరువాత బలంగా వినిపించింది.

విమానంలోని 31 మందిలో ఎవరూ బతకలేదు. వారిలో 18 మంది ఆటగాళ్ళు. ఎర్బ్‌స్టైన్, ఇంగ్లండుకు చెందిన శిక్షకుడు లెస్లీ లీవ్స్‌లీ, క్లబ్ సిబ్బంది, ముగ్గురు పాత్రికేయులు, నలుగురు విమాన సిబ్బంది మిగతావారు. పాత్రికేయులలో ఒకరు తుత్తోస్పోర్ట్ పత్రికను స్థాపించిన రెనాతో కజల్బోరె. గోల్‌కీపర్లలో ఒకడైన డీనో బల్లరిన్ డిఫెండర్ ఆల్దో బల్లరిన్ తమ్ముడు. ఆ ఇంట అన్నదమ్ములిద్దరూ ఒకేసారి పోయారు. గాయం వల్ల సౌరో తోమా, అనారోగ్యం వల్ల అధ్యక్షుడు నోవో ప్రయాణం మానుకున్నారు.

మృతదేహాలను గుర్తించే బాధ్యత పోజో మీద పడింది. వారిలో చాలామందిని జాతీయ జట్టులో ఆడించింది ఆయనే. మే 6న జరిగిన అంత్యక్రియలకు సుమారు ఐదు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు.

సీజన్‌లో మిగిలిన 4 మ్యాచ్‌లను టొరినో తన యువ జట్టుతో ఆడింది. ప్రత్యర్థులు జెనోవా, పలెర్మో, సంప్డోరియా, ఫియొరెంటినా కూడా తమ యువ జట్లనే దించాయి. నాలుగింటిలోనూ టొరినో కుర్రాళ్ళే గెలిచారు. ఆ ఏడాది స్కుడెట్టో వారిదే. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు ఇటలీ జట్టు విమానం ఎక్కకుండా ఓడలో వెళ్ళింది.

సూపెర్గాకు ఎలా వెళ్ళాలి? అక్కడ ఏముంటుంది?

నగరం తూర్పు అంచున సాస్సి అనే చోటు నుంచి పళ్ళచక్రపు పట్టాల మీద నడిచే పాత ట్రాము కొండ ఎక్కుతుంది. ప్రయాణం సుమారు 3 కిలోమీటర్లు, దాదాపు ఇరవై నిమిషాలు. సాస్సికి 15వ నంబరు ట్రాములో చేరుకోవచ్చు. కొండ ట్రాము మరమ్మతుల కోసం నెలల తరబడి ఆగిపోయిన సందర్భాలున్నాయి. అప్పుడు 79వ నంబరు బస్సు నడుస్తుంది. ఓపిక ఉన్నవారు అడవి దారిలో నడిచి ఎక్కవచ్చు, మే 4న అభిమానులు చాలామంది అలాగే ఎక్కుతారు.

పైన ఉన్న చర్చి ఫిలిప్పో యువార్రా అనే వాస్తుశిల్పి రూపకల్పన. 1706లో ఫ్రెంచి ముట్టడి నుంచి నగరం బయటపడితే గుడి కట్టిస్తానని మొక్కుకున్న సవోయ్ పాలకుడు విక్టర్ అమడేయుస్ కట్టించినది. 1731లో పూర్తయింది. నేలమాళిగలో సవోయ్ రాజవంశీకుల సమాధులు ఉన్నాయి. ముందు వైపు నుంచి చూస్తే నగరమంతా కనిపిస్తుంది, ఆకాశం తేటగా ఉన్న రోజున వెనుక మంచు కప్పిన ఆల్ప్స్ కూడా.

పర్యాటకులు చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరు చర్చి పక్కగా నడిచి వెనక్కు వెళ్ళాలి. ఎత్తైన ఇటుక గోడ కింద స్మారక ఫలకం, జట్టు చిత్రం, 31 పేర్లు ఉంటాయి. దాని చుట్టూ ఉన్న కంచెకు కండువాలు కట్టి ఉంటాయి: గ్రనాటావి, ఊదా రంగు ఫియొరెంటినావి, ఇటలీ చిన్న ఊళ్ళ క్లబ్బులవి, ఇటలీ బయటి క్లబ్బులవి. ఎండకు, వానకు కొన్ని రంగు వెలిసి అక్షరాలు కూడా చదవలేనట్టుగా ఉంటాయి. మీరు కూడా ఏదైనా కట్టి రావచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. అక్కడ బిగ్గరగా మాట్లాడటం, ఫలకం మీద చేతులు ఆనించి ఫొటోలకు నిలబడటం మాత్రం వద్దు.

మే 4న వెళితే చూడదగ్గది ఏమిటి?

ఆ రోజు సాయంత్రం చర్చిలో ప్రార్థన జరుగుతుంది. తరువాత ఆ సీజన్ కెప్టెన్ ఫలకం ముందు నిలబడి మరణించినవారి పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదువుతాడు. కెప్టెన్ ఏ దేశంవాడైనా, క్లబ్‌కు కొత్తవాడైనా, ఈ పని అతనిదే. ఎక్కడో పుట్టి పెరిగిన ఆటగాడు ఆ ఇటలీ పేర్లను తడబడకుండా చదవడానికి ముందే సాధన చేసుకుని వస్తాడు. వేలమంది అభిమానులు, పసిపిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్న తండ్రులు, కర్ర ఊతంతో వచ్చిన వృద్ధులు ఆ కొండ మీద నిండిపోతారు. వాహనాలు కిందనే ఆపేస్తారు కాబట్టి మధ్యాహ్నమే బయలుదేరాలి. మీ ప్రయాణ తేదీలు మీ చేతిలో ఉంటే, మ్యాచ్ కన్నా ఈ రోజును ఎంచుకోమని చెబుతాము.

మ్యూజియం ఉందా?

గ్రాండే టొరినో మ్యూజియం ట్యూరిన్‌ను ఆనుకుని ఉన్న గ్రులియాస్కోలో, విల్లా క్లరెట్టా అస్సాండ్రి అనే పాత భవనంలో 2008 మే 4న మొదలైంది. దాన్ని నడిపేది అభిమానుల స్వచ్ఛంద సంఘం. కూల్చివేత సమయంలో ఫిలడెల్ఫియా నుంచి కాపాడిన వస్తువులు, పాత జెర్సీలు, విమాన శకలాలు, ఆటగాళ్ళ సామాన్లు అక్కడ చూడవచ్చు. ప్రతిరోజూ తెరవరు, సాధారణంగా వారాంతాల్లోనే సందర్శన. చిరునామా, వేళలు వెళ్ళేముందు చూసుకోవడం మంచిది.

విషాదం తరువాత క్లబ్ ఏమైంది?

1959లో మొదటిసారి రెండో శ్రేణికి జారింది, ఏడాదిలోనే తిరిగి వచ్చింది. 1964లో జీజీ మెరోనీ వచ్చాడు. కుడి అంచున ఆడేవాడు, ఏడో నంబరు, కాలి మేజోళ్ళు జారవిడిచి, డిఫెండర్ల మధ్య నుంచి బంతిని ఎటు తీసుకుపోతాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. బొమ్మలు వేసేవాడు, తన బట్టలు తానే రూపొందించుకునేవాడు, కోడిపెట్టకు తాడు కట్టి షికారు తిప్పిన మనిషి. 1967 వేసవిలో అతణ్ణి జువెంటస్‌కు అమ్మబోతే అభిమానులు వీధుల్లోకి వచ్చి ఆపించారు. అదే ఏడాది అక్టోబరు 15 రాత్రి, మ్యాచ్ గెలిచి వస్తూ, కోర్సో రె ఉంబెర్తో దాటుతుండగా కారు ఢీకొని చనిపోయాడు. వయసు 24. సరిగ్గా వారానికి జరిగిన డెర్బీలో టొరినో 4-0తో గెలిచింది. నెస్తోర్ కొంబిన్ మూడు గోల్స్ చేశాడు, నాలుగోది మెరోనీ ఏడో నంబరు జెర్సీ వేసుకున్న కరెల్లి చేశాడు. ఆ రోడ్డు మీద మెరోనీ స్మారకం ఉంది. నగర మధ్యంలోనే కాబట్టి పోర్టా నువోవా స్టేషన్ వైపు నుంచి నడిచి వెళ్ళవచ్చు.

1975-76లో లుయీజి రాడిచె శిక్షణలో ఏడో స్కుడెట్టో వచ్చింది. పావొలో పులీచీ 21 గోల్స్, ఫ్రాంచెస్కో గ్రాజియాని 15 గోల్స్ చేశారు. జువెంటస్‌ను రెండు పాయింట్ల తేడాతో వెనక్కు నెట్టారు. మరుసటి ఏడాది సాధ్యమైన 60 పాయింట్లలో 50 సంపాదించినా, జువెంటస్ 51తో గెలిచింది.

యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఫా కప్పు 1992 ఫైనల్‌ను ఈ తరం అభిమానులు మరిచిపోలేరు. సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి, ఫైనల్లో అయాక్స్‌తో ట్యూరిన్‌లో 2-2, ఆమ్‌స్టర్‌డామ్‌లో 0-0. రెండో మ్యాచ్‌లో బంతి మూడు సార్లు గోల్‌పోస్టు చట్రానికి తగిలింది. తమకు పెనాల్టీ ఇవ్వలేదని శిక్షకుడు ఎమిలియానో మోండోనికో పక్కనున్న కుర్చీని రెండు చేతులా తలపైకి ఎత్తి నిరసన తెలిపారు. రెండు మ్యాచ్‌ల గోల్స్ సమానమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన జట్టే గెలిచినట్టన్న నిబంధన వల్ల కప్పు అయాక్స్‌కు పోయింది. ఆ కుర్చీ బొమ్మ ఇప్పటికీ టీషర్టుల మీద, జెండాల మీద కనిపిస్తుంది.

2005లో క్లబ్ దివాలా తీసింది. కొత్త సంస్థగా ఏర్పడి, ఉర్బానో కైరో అధ్యక్షతన రెండో శ్రేణి నుంచి తిరిగి మొదలైంది. ఒకసారి ఎక్కి, మళ్ళీ పడి, 2012లో ఇటలీ మొదటి శ్రేణి లీగ్ అయిన సెరీ-ఎకు చేరింది. 2015 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని బిల్బావోలో అథ్లెటిక్ జట్టును 3-2తో ఓడించింది. ఆ మైదానంలో గెలిచిన మొదటి ఇటలీ క్లబ్ ఇదే. అదే ఏడాది ఏప్రిల్ 26న, ఇరవై ఏళ్ళ తరువాత డెర్బీ గెలిచింది.

గెలుపులు ఇంత అరుదైనప్పుడు ఇంతమంది ఎందుకు అంటిపెట్టుకుని ఉన్నారు?

బయటివారు విషాదమే కారణమని అనుకుంటారు. అది కొంతవరకే నిజం. డెర్బీ కథ ఒకటి చెబితే మిగతాది తెలుస్తుంది. 1983 మార్చి 27న జువెంటస్ 2-0తో ముందుంది. దోస్సెనా, బొనెస్సో, తొరిస్సి నాలుగు నిమిషాలు కూడా గడవకముందే మూడు గోల్స్ చేసి మ్యాచ్‌ను తిప్పేశారు. మొండి ఆట, వెనక్కు తగ్గని ఆట, బలవంతుణ్ణి ముప్పుతిప్పలు పెట్టే ఆట చూడాలని వారు వస్తారు. ఆటగాడికి నైపుణ్యం తక్కువైతే క్షమిస్తారు, చెమట తక్కువైతే క్షమించరు. యాజమాన్యం పట్ల అసంతృప్తితో ఊరేగింపులు, నిశ్శబ్ద నిరసనలు కూడా చేస్తుంటారు. అలాంటి రోజున మీరు వెళితే, స్టాండు మొదటి నిమిషాల్లో ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోవద్దు.

మ్యాచ్‌లు ఎక్కడ జరుగుతాయి? ఎలా చేరుకోవాలి?

ఒలింపికో గ్రాండే టొరినో స్టేడియంలో. 1933లో కట్టిన ఈ స్టేడియాన్ని 2006 శీతాకాల ఒలింపిక్స్ కోసం పునరుద్ధరించారు, ప్రారంభ, ముగింపు వేడుకలు ఇక్కడే జరిగాయి. 2016లో ప్రస్తుత పేరు పెట్టారు. సుమారు 28,000 మంది పడతారు. పోర్టా నువోవా స్టేషన్ నుంచి 4వ నంబరు ట్రాము కోర్సో ఉనియోనె సొవియెటికా మీదుగా స్టేడియం దగ్గరికి చేరుస్తుంది. ఫిలడెల్ఫియా మైదానం కూడా అక్కడికి నడిచే దూరంలోనే ఉంది. కాబట్టి మ్యాచ్ రోజున రెండు గంటలు ముందుగా చేరి, రెండూ చూడవచ్చు. మిలాన్‌లో విమానం దిగేవారికి వేగవంతమైన రైలులో ట్యూరిన్ సుమారు గంట ప్రయాణం.

టికెట్టు ఎలా కొనాలి? ఎక్కడ కూర్చోవాలి?

క్లబ్ అధికారిక వెబ్‌సైటు ద్వారానే కొనండి. ఇటలీలో టికెట్టు మీద కొన్నవారి పేరు ముద్రిస్తారు, గేటు దగ్గర గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు నమోదు చేయాలి. మన పేర్లలో ఇంటిపేరు ఏది, పేరు ఏది అన్న తికమక ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. పాస్‌పోర్టు వరుసనే అనుసరించండి, మ్యాచ్‌కు అసలు పాస్‌పోర్టే వెంట తీసుకెళ్ళండి. మ్యాచ్ తేదీ, వేళ కొన్ని వారాల ముందు మాత్రమే ఖరారవుతాయి. శనివారం అనుకున్నది సోమవారానికి మారవచ్చు. విమాన టికెట్లు తీసుకునేటప్పుడు ముందూ వెనుకా రెండు రోజులు విడిచిపెట్టుకోవాలి.

పక్కనే ఉన్న మారథాన్ బురుజు పేరు పెట్టుకున్న కుర్వా మరతోనా స్టాండులో (గోల్‌పోస్టు వెనుక వంపు స్టాండును కుర్వా అంటారు) పాటలు, జెండాలు మ్యాచ్ పొడవునా సాగుతాయి. అక్కడ కూర్చునేవారు ఎవరూ ఉండరు, టికెట్టు మీది సీటు సంఖ్యను పట్టుకుని వాదించవద్దు. ఎదురుగా ఉన్న కుర్వా ప్రిమవేరా కొంత శాంతంగా ఉంటుంది. పిల్లలతో, పెద్దవారితో వెళ్ళేవారు మైదానం పక్కనున్న స్టాండ్లలో టికెట్లు తీసుకోవాలి.

మేము జువెంటస్ అభిమానులం. రావచ్చా?

రావచ్చు, అయితే జువెంటస్ జెర్సీ, కండువా, టోపీ ఏవీ వెంట తేవద్దు. నలుపు తెలుపు చారల చొక్కా కూడా ఆ రోజుకు వద్దు. డెర్బీ రోజున జువెంటస్ వైపు మద్దతు చెప్పాలనుకుంటే అతిథి జట్టు అభిమానులకు కేటాయించిన విభాగంలోనే టికెట్టు కొనాలి. సూపెర్గాకు వెళ్ళడానికి మాత్రం ఏ క్లబ్ అభిమాని అయినా అడ్డు లేదు. ఆ మృతులను ఎగతాళి చేసే పాటలు కొన్ని డెర్బీలలో వినబడ్డాయి. వాటిని పాడేవారి పక్కన నిలబడటం కూడా ఏ అభిమానికీ తగదని మా గట్టి నమ్మకం.

ఫియొరెంటినా, రివర్ ప్లేట్ పేర్లు ఇక్కడ తరచుగా ఎందుకు వినిపిస్తాయి?

ఫియొరెంటినా అభిమానులతో దశాబ్దాల స్నేహం ఉంది. వారి మ్యాచ్ రోజున రెండు రంగుల కండువాలూ కలిసి కనిపిస్తాయి. అర్జెంటీనా క్లబ్ రివర్ ప్లేట్, ప్రమాదం జరిగిన మూడు వారాలకే సముద్రం దాటి వచ్చి, 1949 మే 26న బాధిత కుటుంబాల సహాయార్థం ట్యూరిన్‌లో ఆడింది. ఆ జట్టులో యువకుడైన ఆల్ఫ్రెడో డి స్టెఫానో ఉన్నాడు. ఇటలీ మేటి ఆటగాళ్ళతో కూర్చిన జట్టు ఆ రోజు టొరినో పక్షాన ఆడింది, మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆ రుణాన్ని గుర్తు చేసుకుంటూ రెండు క్లబ్బులూ ఒకరి రంగులు ఒకరు బయటి మ్యాచ్‌ల జెర్సీలలో వాడుకున్నాయి.

ఇటలీలో వేరే ఊళ్ళకు వెళ్ళేవారు స్టేడియాల పేర్లు కూడా గమనించాలి. విచెంజాలో రొమేయో మెంటి, బ్రెషాలో మరియో రిగమొంటి, వరేజెలో ఫ్రాంకో ఒస్సోలా, సవోనాలో వలేరియో బచిగలూపో: ఆ పేర్లన్నీ విమానంలో ఉన్నవారివే.

ఇంటి నుంచి మ్యాచ్‌లు చూడాలంటే వేళలు ఎలా లెక్కపెట్టుకోవాలి?

అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా ఇటలీ మనకన్నా 4 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది, మిగతా నెలల్లో 3 గంటల 30 నిమిషాలు. అక్కడ మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు రాత్రి 7:30కు, వేసవిలో సాయంత్రం 6:30కు వస్తుంది. రాత్రి 8:45 మ్యాచ్ అయితే చలికాలంలో అర్ధరాత్రి దాటాక 1:15 అవుతుంది. సీజన్ ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది. కొత్తగా చూడటం మొదలుపెట్టేవారికి ఆదివారం మధ్యాహ్నపు సొంత మైదానం మ్యాచ్ అన్నిటికన్నా అనుకూలం.